గ్యారంటీ కాగితం

పోశం అనేవాడు తన కడుపు మీద కొట్టాడని, దుకాణంలో కాలు పెట్టీపెట్టగానే కొమురెల్లి మొదలుపెట్టాడు.

గోదావరిఖనిలో మిషన్లు అమ్మే దుకాణం అది. కొమురెల్లికి ముప్పై ఆరేళ్లు. వేళ్లకు నాలుగు ఉంగరాలు, మెడలో లావు గొలుసు. కత్తుల షెడ్డు పెడుతున్నాడట. మటన్ దుకాణాలకు, కల్లుగీసేవాళ్లకు మంచిర్యాల దాకా కత్తులు పంపుతాడట. ఉక్కు ప్లేటును కత్తి ఆకారంలో కోయడానికి బ్యాండ్ సా, అంటే రంపం మిషను కావాలి.

"దసరాకే తిరగాలె కాక నా మిషను. ఆ పోశం గాడు కోర్టుకెక్కిండు. భూమి వానిదట. వాని అన్న సంతకం పెడితే నేను కొన్న. అన్నకు లేని నొప్పి తమ్మునికెందుకు? రిజిస్ట్రేషన్ నాడు వాడు దుబాయిల ఉండె."

మిషన్లు చూపించే మనిషి తలూపాడు. యాభై దాటినవాడు. జీతానికి ఉన్నా బజారంతా అతన్ని కాక అనే పిలుస్తుంది. ఏడో తరగతి దాటలేదు. ఏ మిషను ఏ పనికి పనికొస్తుందో మాత్రం ఇంజనీర్లు కూడా అతన్నే అడుగుతారు.

కొమురెల్లి చెయ్యి ముందు అన్నిటికన్నా పెద్ద మిషను మీద పడింది. కాక వద్దన్నాడు. అది కట్టె కోసేది, ఉరుకుతుంది. దానికి ఉక్కు పెడితే గంటలో బ్లేడు కాలిపోతుంది. పక్కన పండుకున్నట్టున్న మిషను కడ్డీలు కోయడానికే, వంపు తిరగదు. కత్తికి కడుపు ఉంటుంది, మొన ఉంటుంది. దానికి నిలువు మిషను కావాలి. సన్న బ్లేడు, నిదానంగా నడవాలి.

ప్లేటు ఎంత మందమని అడిగాడు. నాలుగు ఎం.ఎం. అన్నాడు కొమురెల్లి. కాక ఒక బ్లేడు తీసి దాని అంచు మీద గోరు ఆనించాడు. ఇంచుకు ఇరవై నాలుగు పండ్లు.

"ఎప్పుడు చూసినా మూడు పండ్లు ఉక్కుల ఉండాలె సేటు. ఒక్క పన్నుతోని కొరికితే పన్నే ఊడుతది."

కొమురెల్లి పగలబడి నవ్వాడు.

"పోశం గాడు ఒంటి పన్నోడే కాక. నాలుగేండ్ల సంది కొరుకుతుండు. భూమి ఉన్నది ఉన్నట్టే ఉంచుమని, ఏం కట్టొద్దని దసరా ముంగట కోర్టు ఆర్డరిచ్చింది. నా షెడ్డు అంతకుముందుదే అని నా వకీలు రాసిచ్చిండు. కాదని వాడు రుజువు చెయ్యాలె. గేటు లోపలికి రానిస్తే కద చేసేది? సోమవారం వాయిదా. కేసు కొట్టేసుడే. వాయిదాలకు నేనైతే ఎన్నడు పోలే, గంత చిన్న మనిషి కోసం."

చాయ్ వచ్చింది. కొమురెల్లి సాసర్లో పోసుకుని ఊదాడు. మొదటి కత్తి పోశం పేరు మీదనే చేయిస్తాడట. గేటుకు వేలాడదీస్తాడట. వాడు ఆ దారిన పోయినప్పుడల్లా మెడ తడుముకోవాలట.

"మంచిగనే తెగుతది సేటు" అన్నాడు కాక. "మిషను నేను చూసిచ్చిందైతే."

నిలువు మిషనే ఖాయమైంది. కాక గ్యారంటీ కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. షెడ్డు ఎక్కడని అడిగాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గరైతే మధ్యాహ్నం బ్లాస్టింగుకు నేల అదురుతుంది, చక్రాలు వరస తప్పుతాయి. జాగా సరిగ్గా రాయకపోతే తర్వాత గ్యారంటీ రాదు. కొమురెల్లి సర్వే నంబరుతో సహా చెప్పాడు.

మిషను కూర్చునే దిమ్మె ఎప్పుడు పోశారని అడిగాడు. పచ్చి సిమెంటైతే బోల్టులు కదులుతాయి.

"పచ్చిదేం కాదు. దీపావళి ఎల్లిన వారానికి పోయించిన. మూడు నెలలైతంది."

అప్పటికి పైన రేకులు ఉన్నాయా, దిమ్మె మీద ఎండావానా పడిందా అని అడిగాడు. అప్పటికి అది ఉత్త చెలక, దిమ్మె ఆరినాకే గోడలు, గోడల మీద రేకులు అన్నాడు కొమురెల్లి. నమ్మకపోతే చూడమని ఫోను తీశాడు. ఖాళీ భూమిలో సిమెంటు కలుపుతున్నారు. పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని కొమురెల్లి. ఫోటో కింద తేదీ. కాగితంతో జతచేస్తానని కాక దాన్ని పంపించుకున్నాడు.

రాసిందంతా గట్టిగా చదివి వినిపించాడు. కొమురెల్లి మూడు చోట్ల సంతకం పెట్టాడు. మూడో సంతకం కింద రెండు గీతలు కూడా గీశాడు.

"ఇంత పక్కాగ అడిగేటోన్ని నేను చూడలే. నీ అసోంటోడు నా జాగల ఉండాలె కాక. వస్తవా?"

"వస్త సేటు. జల్దినే వస్త."

కొమురెల్లి భుజం తట్టి కారెక్కాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా చూసి, కాగితం నకలు మడిచి జేబులో పెట్టుకుని, కాక ఫోను అందుకున్నాడు: "వకీలు సాబ్, నేను పోశంను, దిమ్మె దీపావళి ఎల్లినంకనే పోసిండని వాని సంతకం దొరికింది, ఇగ రాసుకోండ్రి, సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు, పోయిన నా భూమి ఎకరం పదిహేడు గుంటలు."