పదిహేను రోజుల పైపు

"పదిహేను రోజులకని నా మెడల డయాలసిస్ పైపు పెట్టి, పదకొండు నెలలు మరిచింది మీరే గద, సారూ!"

రాయదుర్గం ఆఫీసు గేటు దగ్గర డాక్టర్ ఉదయ్ భాస్కర్ ఉలిక్కిపడ్డాడు. కిడ్నీల మీద ఉపన్యాసానికొచ్చిన తనను ఆపిన గార్డు తన పేషెంటు పెంటయ్యే.

"డయాలసిస్ బాగానే నడుస్తోంది కదయ్యా?"

"గీ కుడిచెయ్యి జూడుండ్రి, గాలిబుగ్గ లెక్క ఉబ్బింది."

డాక్టర్ నొక్కి చూశాడు. "పైపు ఒరిపిడికి లోపలి రక్తనాళం సన్నబడి, చేతి రక్తం వెనక్కి పోవట్లేదయ్యా."

"మీ విజిటర్ పాస్ పొద్దుగూకేదాంకనే. దాటితే నా నౌకరి ఊడుతది. పైపు గడువు దాటితే ఎవల నౌకరి ఊడాలె?"

నవ్వబోయిన డాక్టర్ తలదించుకున్నాడు.

పెంటయ్య పెన్ను అందించాడు. "ఎడమచెయ్యన్న మిగిలింది. పైపు లేకుంట డయాలసిస్ జేసెతందుకు దాంట్ల నరాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్‌కు తారీఖు రాయుండ్రి. మీ దవాఖాన్ల నాతోని పైపులు మోసే తొమ్మిదిమందికీ రాయుండ్రి. రాసినంకనే లోపలికి!"