ముఖం తేటపడిన రోజు

"మళ్లీ బురద చేశావమ్మా," అన్నాడు బొమ్మలు వేయడం నేర్పే ఎవరిస్తో మాస్టారు, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ. "తడి ఆరకముందే రంగు మీద రంగు పులుముతావు. కాగితాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు."

ఒతీలియా కొత్త కాగితం తీసుకుంది. పొద్దున్నే అరేపా రొట్టెలు అమ్మేసి నేరుగా ఇక్కడికే వస్తుంది. అయిదు నెలలుగా ఆమె వేస్తున్నది ఒకే పాప ముఖం. ముందు పళ్లూ పూలూ నేర్చుకోమని మాస్టారు ఎంత చెప్పినా వినలేదు.

"అంత తొందరేమిటి? పాప ఫొటో తెచ్చుకో, చూసి వేద్దువు గాని."

"ఫొటోలు లేవు మాస్టారూ. మగ్దలేనా నది పొంగినప్పుడు ఇంటితోపాటు పోయాయి." ఆమె కొత్త కాగితాన్ని బల్ల మీద సరిచేసుకుంది. "మా పాప కూడా పోయింది. రోజురోజుకీ దాని ముఖం మసకబారిపోతోంది. పూర్తిగా చెరిగిపోకముందే నాకు వేయడం రావాలి."

మాస్టారు గిన్నెలో నీళ్లు మార్చి పెట్టాడు.

ఆ రోజు ఆమె ఆయన చెప్పినట్టే చేసింది. పల్చగా ఒక పూత వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అది ఆరేదాకా కాచుకుంది. ఆ తర్వాతే కళ్లు దిద్దింది. పెదవులు దిద్దగానే కుంచె పక్కన పెట్టేసింది.

"అదీ!" మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "బుగ్గలో ఆ వెలుతురు చూడు! ఇంక తాకకు. వచ్చేసిందమ్మా నీకు."

ఒతీలియా బొమ్మను చాలాసేపు చూసింది. గట్టిగా కళ్లు మూసుకుంది, తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"చాలా బాగుంది మాస్టారూ," అంది. "కానీ ఇది మా పాప కాదు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఈ పిల్లే కనిపిస్తోంది."