అరిగిన ప్లేటు

“ఇది కాదు. ఇదీ కాదు. ఇది వట్టి ఏడుపు,” అంటూ కన్నయ్య మాస్టారు గ్రామఫోను ప్లేట్లని ఒక్కొక్కటే పక్కన పడేస్తున్నాడు.

కులంబర్ దొర బంగళా వరండాలో చాప మీద కూర్చున్నాడతను. చెరకుతోట మీద పెత్తనం చేసే తెల్లదొరని బా ఊరి చుట్టుపక్కల కూలీలందరూ కులంబర్ అనే అంటారు. దొర దగ్గర ప్లేట్లు మొత్తం ఏడు. రేపు సువా పట్నం నుంచి బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకి సంగీతమంటే పిచ్చి. కూలీల పిల్లలకి ఆర్కెస్ట్రా అంటే ఏమిటో వినిపించండి, ఎలా వింటారో చూస్తానని ముందే ఉత్తరం రాశాడు. ఆ పరీక్ష గట్టెక్కితే కన్నయ్యకి సువాలో పెద్దబడి ఉద్యోగం. లేకపోతే ఈ బురదలోనే, ఈ చీమిడిముక్కుల మధ్యే.

కన్నయ్య అందరిలా ఐదేళ్ల కూలికి కట్టుబడే గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి రాలేదు. నెల్లూరు నుంచి సొంతంగా ఓడ టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు. వచ్చి రెండు నెలలు కాలేదు, ఆ ముక్క మాత్రం రెండొందలసార్లు చెప్పాడు. కాపురం ఏటి అవతల, మిషన్ వాళ్లిచ్చిన ఇంట్లో. కూలీలుండే లైన్లలో కాలు పెట్టడు, కంపంటాడు. మద్రాసు బీచిలో మిలిటరీ బ్యాండు వాళ్లు వాయిస్తుంటే కంచె బయట నిలబడి నాలుగుసార్లు విన్నాడు. ఆ నాలుగుసార్లకే తెల్లవాళ్ల సంగీతం మొత్తం తన జేబులో ఉందనుకుంటాడు.

ఆరో ప్లేటు పెట్టి సూది వదిలాడు. ఒక్కసారిగా వయొలిన్లు, వాటి మీద బాకాలు, అడుగున డ్రమ్ముల మోత. వరండా అదిరిపోయింది.

“ఇదీ ఆర్కెస్ట్రా అంటే!” అని తొడ చరిచాడు.

బంగళా వెనక చేలో చెరకు నరుకుతున్న కత్తుల చప్పుడు ఠక్కున ఆగింది. పని ఎగ్గొట్టడానికి వీళ్లకి ఏదో ఒక సాకు కావాలి అనుకున్నాడు కన్నయ్య. నేల తుడుస్తున్న పార్బతి చేతిలో గుడ్డ కూడా ఆగిపోయింది. విశాఖపట్నం వైపు మనిషి, బంగళాలో పనిచేస్తుంది.

“బాబూ, అదొద్దు.”

“ఏం?”

“పిల్లలకి పడదు బాబూ. ఆ పిల్లంగోవి ప్లేటు అట్టుకెళ్లండి. సల్లగుంటాది.”

“పడకపోవడానికి ఇదేమన్నా వంకాయకూరా?”

పార్బతి లోపలిగది వైపు చూసి గొంతు తగ్గించింది. “పిల్లలు జడుసుకుంటారు బాబూ.”

“ఇందులో దయ్యం లేదే, పిచ్చిమొహమా! ఇటు చూడు. మిగతావన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. ఇదొక్కటే గీతలు పడి అరిగిపోయింది. ఎందుకూ? దొరకి ఇదంటేనే ఇష్టం కనక. దొరకి తెలిసిన మంచి నీకు తెలుస్తుందా? గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన!”

పార్బతి ఇంకేదో అనబోయింది. అంతలో కులంబర్ దొరే బయటికి వచ్చాడు. ఆమె తల వంచుకుని మళ్లీ నేల తుడవసాగింది. కన్నయ్య లేచి నడుం వంచి ప్లేటు చూపించాడు. దొర దాన్ని చూసి నవ్వాడు.

“దీంతో నాకు పనెక్కువ. రేపు సాయంత్రానికల్లా తిరిగి పంపించు,” అన్నాడు.

రసికుడంటే ఇలా ఉండాలి అనుకున్నాడు కన్నయ్య.

మర్నాడు గ్రామఫోనుని పార్బతే నెత్తిన పెట్టుకుని బడికి మోసుకొచ్చి గుమ్మంలో కూలబడింది. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, ఇరవైమంది పిల్లలు నేలమీద. కిటికీ అవతలే చేను. వాళ్ల అమ్మానాన్నలు అక్కడే చెరకు నరుకుతున్నారు.

“ఇప్పుడు మీరు వినబోయేది మీ జన్మలో విని ఉండరు. కదిలితే తోలు వలుస్తా,” అని హెచ్చరించి కన్నయ్య సూది పెట్టాడు.

బాకాలు మొదలయ్యాయో లేదో ముందువరసలో ఒకడు లేచాడు. వాడి వెనక ఇద్దరు. ఆ తర్వాత ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. పలకలు తొక్కుకుంటూ, కిటికీలోంచి దూకి, చేలోకి పరుగో పరుగు. ఒకడు తండ్రి కాళ్లు చుట్టేసుకుని వదలడం లేదు. ఇంకో పిల్ల తల్లి కొంగులో మొహం దాచుకుంది. కన్నయ్యకి తల కొట్టేసినట్టయింది. సువా ఉద్యోగం కళ్లముందే ఏట్లో కొట్టుకుపోతోంది.

బడిలో మిగిలింది మోహిని ఒక్కతే. పార్బతి కూతురు, ఆరేళ్లుంటాయి. దానికి ఉన్నది తల్లి ఒక్కతే. గుమ్మంలో తల్లిని ఒకసారి చూసుకుని, గ్రామఫోను దగ్గరికి వచ్చి, చెవి ఆనించి వింది.

“ఇవాళెవురు మాస్టారూ?” అని అడిగింది.

“ఏమంటోంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. “ఇది ఎవరి సంగీతమని అడుగుతోంది సార్!”

ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది. ఇరవైమందిలో ఒక్క చెవి దొరికినా చాలన్నాడు. సువా రావడానికి సామాను సర్దుకోమని చెప్పి, చెయ్యి కలిపి, గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

కన్నయ్య పార్బతి వైపు తిరిగాడు. నిన్నటి సలహాకి ఇవాళ జవాబు చెప్పకపోతే అతనికి అన్నం సయించదు.

“చూశావా? నీ కూతురు అడిగిన ప్రశ్న మీ ఏడుతరాల్లో ఎవరూ అడిగి ఉండరు. మిగతా మందంతా పారిపోయింది. పశువులు! ఎందుకు పారిపోయారో వాళ్లకైనా తెలుసా?”

“అమ్మా అయ్యా సేలోనే ఉన్నారో లేదో సూసుకోడానికి బాబూ.”

“ఉండక ఎక్కడికి పోతారు?”

పార్బతి ప్లేటుని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, మోహిని చెయ్యి పట్టుకుని లేచింది.

“బంగళాలో మనిషిని కొట్టేటప్పుడు అరుపులు బయటికి రాకుండా ఏసే ప్లేటు బాబూ ఇది.”