వడ్రంగిపిట్ట అట్టేపెట్టుకున్న తొర్ర

ముసలితనంలో కూర్చుని తినొచ్చని వడ్రంగిపిట్ట వయసులో ఉండగా అడవంతా తొర్రలు తొలిచి అద్దెకిచ్చింది. అద్దె అంటే పురుగో, పండో. వడ్రంగిపిట్ట పండు తింటుందా అనకండి, ముక్కు అరిగాక అన్నీ తింటుంది. తిండికి లోటు లేదు గానీ కూర్చోవడమే కుదరలేదు. ఒక తొర్రలో చీమలు, ఇంకో తొర్రలో వాన కారడం, రోజూ ఫిర్యాదులే.

"అన్నీ నాకు అమ్మెయ్, తాతా. బతికినన్నాళ్లూ నీ తిండి నేను చూసుకుంటాను," అంది ఉడుత.

వడ్రంగిపిట్ట బాగా ఆలోచించి ఒప్పుకుంది. "చిలకమ్మ ఉండే తొర్ర తప్ప."

"అది కారుతుంది కదా. ఆవిడ అద్దె కూడా సరిగా ఇవ్వదు."

"ఇవ్వదు. పొద్దున్నే కేకేసి మరీ తిడుతుంది. అన్నీ అమ్మేసుకుంటే ఇక నన్ను పిలిచేదెవరు?"

అంతలోనే చిలకమ్మ కేక వినబడింది. వడ్రంగిపిట్ట తీరిగ్గా బయల్దేరింది.