పదకొండు ల్యాబుల ఏకాభిప్రాయం

"మూడు పాయింట్ ఒకటి రెండా!" కమిటీ ఛైర్మన్ ఫెర్గస్ ట్రెవాస్కిస్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు, మళ్లీ దగ్గరగా పట్టుకుని చదివాడు. "నోరీన్, నీ తక్కెడకి కళ్లజోడు కొనిపెట్టాలేమో!"

బల్ల చుట్టూ ఉన్న పదకొండు మంది కెమిస్టులూ నవ్వారు. ఆస్ట్రేలియా బంగారు గనుల ఊరు కాల్గూర్లీలో ఛైర్మన్ జోకు వేస్తే నవ్వకపోవడం మర్యాద కాదు.

సంగతేమిటంటే, బంగారు ఖనిజాన్ని పొడికొట్టి, సీసాల్లో పోసి పన్నెండు ల్యాబులకు పంపుతారు. టన్నుకి ఎన్ని గ్రాముల బంగారం ఉందో ఎవరికి వారు తేల్చి రాయాలి. అందరి జవాబులూ చూసి కమిటీ ఒక అంకె ఖాయం చేసి పట్టికలో అచ్చువేస్తుంది. ఆ తర్వాత దేశంలో ప్రతి ల్యాబూ తన పని సరిగ్గా ఉందో లేదో ఆ అంకెతోనే సరిచూసుకుంటుంది. అత్తగారి చేతి ఉప్పు లాంటిది. ఎక్కువైందని ఎవరూ అనరు.

పోయినసారి పట్టికలో అంకె 2.34. ఈసారి కొత్త పొడికీ పదకొండు ల్యాబులు 2.33కీ 2.35కీ మధ్యే తేల్చాయి. అన్నదమ్ముల పోలికలా చివరి అంకెలో కాస్త తేడా, అంతే. నోరీన్ పాస్కో ఒక్కతే 3.12 అంది.

పోయినసారి కూడా తేడా వచ్చింది ఆమెకే. రెండోసారీ వస్తే ల్యాబు పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేస్తే గనులవాళ్లు పరీక్షకి మట్టి పంపరు. మట్టి రాకపోతే ఆమె ల్యాబుకి తాళమే.

"మూడుసార్లు కరిగించాను ఫెర్గస్. మూడుసార్లూ చివర్లో మిగిలిన బంగారు పూస అంతే తూగింది."

"ఒకే తప్పు మూడుసార్లు చేస్తే ఒప్పయిపోతుందా?" అన్నాడు కోలిన్ హాచ్, లామింగ్టన్ కేకు కొరుకుతూ.

"అయితే మీ సీసాలు తీసుకురండి. నా కొలిమిలోనే, మీ కళ్లముందే కరిగిద్దాం."

కోలిన్ నోట్లోని కేకు నెమ్మదిగా నమిలి మింగాడు.

"మాది అయిపోయింది," అన్నాడు కోలిన్ ఎట్టకేలకు. "ఎనిమిదిసార్లు పరీక్షించాం మరి. మా జాగ్రత్త మాది."

"మాదీ అడుగంటా వాడేశాం."

"మేమైతే సీసా కూడా కడిగేశాం," అంది పెర్త్ నుంచి వచ్చిన డెల్ఫీన్.

ఒకరి తర్వాత ఒకరు, అందరి సీసాలూ ఖాళీయే. ఛైర్మన్‌కి ముచ్చటేసింది.

"చూశావా నోరీన్, పనంటే ఎంత శ్రద్ధో! ఇలాంటివాళ్ల వల్లే మన పట్టికంటే దేశానికి గురి."

చేతులెత్తమన్నాడు. పదకొండు చేతులు లేచాయి. కోలిన్‌ది మాత్రం ఎడమ చెయ్యి. కుడిచేతిలో కేకుంది.

2.34 ఖాయమైంది. ఫెర్గస్ స్కేలు పెట్టి మరీ, నోరీన్ ల్యాబు పేరు మీద ఎర్రసిరాతో గీత గీశాడు.

"మనసులో పెట్టుకోకు నోరీన్. సైన్సన్నాక మెజారిటీకి తలవంచాల్సిందే."

నోరీన్ సంచీ సర్దుకుంది. తలుపు దాకా వెళ్లేసరికి, నిక్కరూ పసుపు చొక్కా వేసుకున్న కొరియర్ డ్రైవర్ ఒకడు ట్రాలీ తోసుకుంటూ ఎదురొచ్చాడు. ట్రాలీ నిండా చిన్న చిన్న అట్టపెట్టెలు.

"పొడి పంపింది మీ కమిటీయేగా సార్? ఇక్కడో సంతకం పడేయండి."

"ఏమిటయ్యా ఇవి, మీటింగు మధ్యలో?" ఫెర్గస్ విసుక్కున్నాడు.

"అడ్రసు చీటీలు ఊడిపోయి నెల రోజులుగా మా గోదాములోనే పడున్నాయి సార్, ఈ మేడమ్ ఒక్కరే వచ్చి పోట్లాడి తన సీసా పట్టుకెళ్లారు, మిగతా పదకొండూ సీలు కూడా విప్పకుండా తిరిగి తెచ్చాను, లెక్క చూసుకోండి."