చలికి బిగిసిన సెల్లో

వియన్నాలో ఒక గెస్ట్‌హౌస్ మెట్ల మీద గడ్డకట్టిన మంచును పోల్డీ పారతో గీకుతున్నాడు. ఇంకా రెండు మెట్లున్నాయనగా కొండలోయలోని లియెంజ్ సంగీత పాఠశాల బస్సు వచ్చి ఆగింది.

పిల్లలు దిగారు. డ్రైవరు బస్సు అడుగున సామాన్ల అర తెరిచాడు. చివరగా, పెద్ద వయొలిన్‌లాంటి సెల్లో ఉన్న మనిషంత పెట్టెను లాగి బయట పెట్టాడు. దాని మీదంతా తెల్లటి మంచు పొడి.

పోల్డీ పార వదిలేశాడు.

"ఇదెవరిది?"

"నాది" అంది బుర్గి. "ట్యూబా బాకాకి చోటు చాలదని దీన్ని కింద పెట్టించారు."

"రేకుని సీట్లో కూర్చోబెట్టి చెక్కని కిందకి తోశారా? ఎంతసేపైంది?"

"ఆరు గంటలు."

పోల్డీ పెట్టెను ఎత్తుకుని లోపలికి నడిచాడు. గదికి తెస్తున్నాడనుకుని బుర్గి వెనకే వెళ్ళింది. అతను దాన్ని మెట్ల కింద చీపుళ్ళ గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"అదేంటి?"

"చెక్క బిగిసిపోయి ఉంది. ఇప్పుడు వేడి గదిలో తెరిస్తే పగులుతుంది. రెండున్నరకి ఇస్తాను."

"మూడింటికి నాకు పరీక్ష. ఒక్కసారైనా వాయించుకోకుండా ఎలా పోను?"

వియన్నా సంగీత విద్యాలయంలో ఆ ఏడు సెల్లోకి ఒక్కటే సీటు. అది రాకపోతే బుర్గి సెల్లోని బడికి తిరిగి ఇచ్చేసి, మేనమామ రొట్టెల కొట్టులో నిలబడాలి.

ట్యూబా వాయించే విన్సెంజ్ తల దూర్చాడు. "సెల్లోకి జలుబు చేసిందా తాతా? కషాయం కాచమంటావా?"

పిల్లలు పకపకా నవ్వారు. పోల్డీ కుర్చీ లాక్కుని చీపుళ్ళ గది తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు.

ఎగ్గర్ మాస్టారు వచ్చారు. ఆయన లియెంజ్ బడిలో ఇరవయ్యేళ్ళుగా బ్యాండు నేర్పుతున్నారు.

"పెద్దాయనా, తాళంచెవి ఇవ్వండి. పిల్ల భవిష్యత్తు అది."

"రెండున్నరకి."

"చెప్పడానికి మీరెవరండీ?"

"మెట్లు శుభ్రం చేసేవాణ్ణి."

ఒంటిగంటకి గెస్ట్‌హౌస్ యజమానురాలు సెడ్లాక్‌గారు కూరగాయల సంచీతో వచ్చారు. మాస్టారు జరిగిందంతా చెప్పారు.

"పోల్డీ, అతిథుల సామాను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? పోయిన చలికాలం ఆ హంగేరీ అమ్మాయి వయొలిన్‌ని కూడా ఇలాగే దాచావు."

"పగల్లేదు కదా."

"తాళంచెవి ఇవ్వు."

పోల్డీ గోడ గడియారం వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"అయితే సాయంత్రానికి గది ఖాళీ చెయ్యి."

"సరేనండి" అన్నాడు పోల్డీ. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

బుర్గి ఎదురుగా మెట్టు మీద కూర్చుని, ఒట్టి వేళ్ళతో మోకాలి మీదే పాఠం వాయించుకుంది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. పోల్డీ చూశాడు. చూసీ కదల్లేదు.

సరిగ్గా రెండున్నరకి తలుపు తీశాడు. తన మంచం మీది కంబళి తెచ్చి పెట్టెకి చుట్టాడు.

"ట్రామ్‌లో తలుపు దగ్గర నిలబడకు."

"నా సీటు పోతే ఆ పాపం మీదే" అంది బుర్గి.

పరీక్ష గది బయట క్లాగెన్‌ఫుర్ట్ నుంచి వచ్చిన అబ్బాయి కూర్చుని ఉన్నాడు.

"నువ్వింకా వాయించుకోలేదా? నేను బస్సు అడుగునుంచి సెల్లో దించగానే హీటరు పక్కన కూర్చుని గంటసేపు వాయించాను" అన్నాడు.

వాడి పేరే ముందు పిలిచారు. బుర్గి తలుపు సందులోంచి వింటోంది. బాగా వాయిస్తున్నాడు. తనకన్నా బాగా.

ఉన్నట్టుండి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

వాడి సెల్లో ముందు పలక పైనుంచి కిందిదాకా చీలిపోయింది. వాడు కమాను గాల్లోనే పట్టుకుని అలా ఉండిపోయాడు.

బుర్గి కంబళి విప్పి, పెట్టె తెరిచింది. సెల్లో మెడ పట్టుకుంది. అది చల్లగానూ లేదు, వేడిగానూ లేదు. తీగలు కాస్త బిగిస్తే శ్రుతి కుదిరింది.

బుర్గి, ఎగ్గర్ మాస్టారు ఐదింటికి తిరిగొచ్చేసరికి పోల్డీ కోటు తొడుక్కుని, చేతిపెట్టెతో వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. సెడ్లాక్‌గారు బల్ల దగ్గర కూర్చుని, గది వదిలేవాళ్ళ కాగితంలో అతని వివరాలు నింపుతున్నారు.

"సీటు వచ్చింది" అంది బుర్గి అతనితో. కంబళి మడిచి అతనికి అందించింది.

"చెక్క ఎలా ఉంది?"

"బాగుందండి."

అతను తల ఊపాడు.

"అమ్మా, ఆయన్ని పంపకండి. తప్పు మాదే" అన్నారు ఎగ్గర్ మాస్టారు.

"ఇది నాలుగోసారి మాస్టారూ. నా మాటంటే మాటే" అన్నారు సెడ్లాక్‌గారు, తలెత్తకుండానే.

మాస్టారు నిట్టూర్చి బల్లకి ఇవతల కూర్చుని విద్యాలయం వాళ్ళ పత్రం తీశారు. వాయిద్యం ఎవరిదో, బడికి ఎలా వచ్చిందో రాసివ్వాలి.

"సెల్లో ఇచ్చినాయన బడికి రాసిన ఆ పాత ఉత్తరం చదువమ్మాయ్, నేను రాసుకుంటాను."

బుర్గి ఉత్తరం మడత విప్పింది.

"'చెయ్యి స్వాధీనం తప్పింది. ఇక వాయించలేను. ఈ సెల్లో మీ లోయలో ఎవరైనా పిల్లలు వాయించుకుంటే చాలు. నా పేరు గోడ మీద రాయకండి, కృతజ్ఞతలు చెప్పడానికి రాకండి. ఇట్లు, లియోపోల్డ్ వెసెలీ.'"

సెడ్లాక్‌గారి కలం తాను అప్పుడే రాసిన అదే పేరు మీద ఆగిపోయింది. ముగ్గురూ తలెత్తి చూసేసరికి పోల్డీ చేతిపెట్టె తీసుకుని, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.