ఊడని జాయింటు

కోయిలకుంట్లలోని తన షెడ్డులో లేవి ఆ పాత స్పోర్ట్స్ కారును జాకీ మీద లేపాడు. తొమ్మిదేళ్ల తర్వాత దాని మీద చెయ్యి వేయడం మళ్లీ ఇదే.

అప్పట్లో ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు కొత్తవి వేసింది అతనే. మర్నాడే అహోబిలం దారిలో కారు కల్వర్టును గుద్దింది. పక్క సీట్లో కూర్చున్న లేవి కొడుకు అక్కడికక్కడే పోయాడు. లేవి వేసిన జాయింటు ఊడి చక్రం అడ్డం తిరిగిందని కారు ఓనరు ఊరంతా చెప్పాడు. లేవి కూడా నమ్మాడు.

ఓనరు చనిపోయిన నెలకు ఆయన కూతురు శ్రావణి ఇన్నాళ్లూ మూలన పడి ఉన్న ఆ కారును తెచ్చి, "నువ్వే బాగుచేయాల మామా" అంది. ప్రమాదం జరిగిన రోజు కారు నడిపింది ఆమే. ఆమెకు డ్రైవింగు నేర్పింది లేవి.

చక్రం ఊడదీసి చూస్తే లోపల చక్రాన్ని మోసే ఇనుప చేయి గుద్దుడుకు వంగిపోయి ఉంది. జాయింటు మాత్రం బిగించింది బిగించినట్టే ఉంది. రెండో చక్రమూ విప్పి చూశాడు. అదీ అంతే.

"ఇది ఊడలేదే, శ్రావణమ్మా!"

"ఊడలేదు మామా. ఫోన్ చూసుకుంటా నేనే గుద్దినా. నాయిన నీ మీదికి తోస్తే నోరెత్తలేకపోయినా. విప్పితే నీకే తెలుస్తాదని తెచ్చినా."

"బండి నేర్పినోన్ని గదమ్మా. నాకన్నా చెప్పకపోతివే!"

ఆమె తన కాళ్లు పట్టుకోబోతే లేవి వెనక్కి జరిగాడు.

"నాకు చెప్పింది చాలు. మా ఇంటికి పద. పిల్లోని అమ్మ నాతో మాట్లాడి తొమ్మిదేండ్లాయె."